మాణిక్ దమ్ము – అర నిమిషం

ఇటు దే ఫోను. ఏడ ఒత్తాలె? గీ పచ్చదా? సరే. నువ్వు ఊ అనంగనే ఒత్తాలె, నిమిషం కాంగనే ఆపు అనాలె, అంతే గద? ఏందీ? మల్లొక్కపారి జెప్పు. నిమిషమయినంక ఇంకో పది సెకండ్లు ఆగి జెప్పాల్నా? ఎందుకట్ల? ఓహో, జర ధైర్యమొస్తదా. నవతా, నీకు రైల్వే పరీక్ష ఇంక మూడు వారాలు గూడ లేదు. పొద్దుగాల ఆరింటికే లేచి నోటి లెక్కలు జేస్తున్నవు, మొన్న పన్నెండు జేసిన అంటివి, నిన్న పద్నాలుగు అంటివి, మంచిదే, నాకు సంతోషమే. కని పది సెకండ్లు కాదు గదా, ఒక్క సెకండు గూడ ఎక్కువియ్య. కోపమొస్తె రానీ. మూతి గట్ల పెడితె అచ్చం మీ అమ్మ పోలికే కొడ్తున్నవు. గా పరీక్ష పెట్టేటోడు ఏమన్న మీ మేనమామనా, ఇంకింత సేపు రాసుకో బిడ్డా అంటందుకు? కూసో, ఇటు కూసో. నేనెందుకియ్యనో జెప్త. చిన్న ముచ్చటనే. చిన్నది కాకపోవచ్చు, నాకు అడ్డం దిడ్డం జెప్పే అలవాటు గద, జర సైసుకో.

చెన్నబసప్ప సారు అని ఉంటుండె. మా చిన్నప్పటి సారు. మన ఊరు న్యాల్‌కల్ అవుతల గద, నాలుగు అడుగులేస్తె కన్నడపోళ్ల గడ్డ. ఆయన బీదర్ దిక్కు నుంచి వచ్చిండు. మాతోటి తెలుగే మాట్లాడుతడు, నడుమ నడుమ కన్నడం పడ్తది, కోపమొస్తె మాత్రం ఉర్దూ. నన్ను "ఏనో మాణిక్యా" అని పిలుస్తుండె, ఏందిరా అన్నట్టు. ఇంట్ల మాణిక్, ఆయనకు మాణిక్యా. పొడుగు మనిషి, బక్కగ, తెల్లటి టోపి, ఎడమ చేతికి గడియారం. గా గడియారం ముచ్చట జెప్తె నవ్వుతవు. పెండ్లిల అత్తగారోళ్లు పెట్టిన్రట. పెట్టిన ఏడాదికే ఆగింది. బీదర్ల సూపిచ్చిండు, హైద్రాబాద్ల సూపిచ్చిండు, కాదు పొమ్మన్నరు. అయిన చేతికెళ్లి తియ్యడు. తీస్తె ఇంట్ల లడాయి అయితదని. రోజు పొద్దుగాల బడి ముంగట నిలవడి, చెయ్యి ఇట్ల ఎత్తి, గడియారం దిక్కు మస్తు సేపు సూసి, "హౌదు, టైమ్ అయింది" అంటడు. మధ్యాహ్నం బువ్వకు ఇడిసేటప్పుడు గూడ గంతే. మాకందరికి ఎరుకనే, ఆయన సూసేది గోడ నీడ, గడియారం ఉత్తదే. ఒకపారి ముసురు వట్టింది మూడు దినాలు. నీడ లేదు. సారు చెయ్యి ఎత్తి సూసుకుంట సూసుకుంట నిలవడ్డడు, బువ్వకు ఇడిసెటోడు లేడు, మా కడుపులు కాలిపోయినయి. ఆఖరికి ఆయనకు గూడ ఆకలైంది గావచ్చు, అప్పుడు టైమ్ అయింది.

నవ్వుతున్నవ్ గద. మంచిగ నవ్వు. కని లెక్కల ఆయనసోంటోడు మల్ల దొరకలే నాకు. పలక మీద జేసేది లెక్కనే కాదంటుండె. "పలక ఇంట్ల మర్చిపోతవు, తలకాయ మర్చిపోతవా" అని. నోటి లెక్క జెయ్యాలె, గది గూడ జల్ది జెయ్యాలె. ఇట్ల అడుగుతుండె, తొంభై ఎనిమిది ఏడ్లు ఎంత? మేం నోరు తెరుచుకొని సూస్తం. "అరె, వంద ఏడ్లు ఎంత? ఏడు నూర్లు. రెండేడ్లు పద్నాలుగు తీసేయ్. ఆరు నూర్ల ఎనభై ఆరు. ఇంత దానికి కండ్లు తేలేస్తవేందిరా?" గిట్ల. ఇంకో మాట అంటుండె, రోజు జరంత జెయ్యుర్రి, ఒక్కనాడే నూరు జేసి వారం పండుకోకుర్రి. పొద్దుగాల బడికి రాంగనే, ప్రార్థన కాంగనే, ఏ పనైన తరువాత, ముందుగాల పది లెక్కలు. ఒక్కటే పారి. రెండో పారి అడిగినా చేపియ్యడు. "రేపు రా" అంటడు. నువ్వు ఇప్పుడు ఫోన్ల సూసి జేస్తున్నవే, పక్కన టైము ఉరుకుతుంటే, గదంత మా సారు ఎప్పుడో చేపిచ్చిండు. టైము పెట్టి చేపిచ్చిండు.

గడియారం లేకుంట టైము ఎట్ల వెట్టిండంటవా? గదే జెప్తున్న, ఆగు. మీరు కబడ్డీ అంటరు గద, మా దిక్కు హుతుతు అంటుండిరి, మరాఠోళ్ల లెక్క. కూతకు పోయేటోడు ఒక్క దమ్ము మీద హుతుతుతుతు అనుకుంట పోవాలె, దమ్ము ఇడిస్తె అవుట్. సారు ఏం జేసిండంటె, పోరగాండ్లను జోడీలు జేసిండు. ఒకడు కూత వెట్టాలె, ఒకడు లెక్క జెప్పాలె. నల్లబల్ల మీద పది లెక్కలు రాసి దాని మీద గోనెసంచి కప్పుతడు. సంచి తీయంగనే వీడు హుతుతుతు, వాడు నలభై ఏడు ముప్పై ఎనిమిది ఎనభై అయిదు, పద్దెనిమిది ఆర్లు నూటెనిమిది, గట్ల ఒకటెనుక ఒకటి. వీని దమ్ము ఇరిగేలోపల వాడు ఎన్ని జెప్తె అన్ని. తలుపు పక్కన గోడ మీద బొగ్గుతోటి పేరు, పేరు పక్కన గీతలు. ఇయ్యాల మూడు, రేపు మూడు, ఎల్లుండి నాలుగు. పోరగాండ్లు ఆగుతరా? నాలుగైనోడు అయిదు కావాలె అని ఇంట్ల గూడ గొణుగుతుండె. బర్రెలు కాసుకుంట గొణుగుతుండె. ఊర్లె ముసలోళ్లు బడి ముంగటికి వచ్చి, "ఏం సారూ, ఇది బడా, ఆట మైదానమా? మా పోరగాడు నిద్దట్ల గూడ హుతుతు అంటుండు" అని కొట్లాడిన్రు. సారు గడియారం సూసుకొని, "టైమ్ అయింది, పోండి" అన్నడు.

నాకు లెక్కలు రాలే. నిజమే జెప్తున్న, నీ తాతకు అయిదో లెక్క ఏనాడు దాటలే. కని దమ్ము ఉండె. ఊర్లె నా అంత సేపు కూత వెట్టెటోడు ఇంకోడు లేడు. సారు నన్ను న్యాల్‌కల్ తోల్కపోయిండు ఒకనాడు, నడిపిచ్చుకుంట. ఆడ ఉత్తరాలు పంచే డాకోడు ఒకాయన ఉంటుండె, నడిచే గడియారం ఉన్న మనిషి. ఆయనను బతిలాడి చెట్టు కింద కూసోవెట్టి, నన్ను కూత వెట్టమన్నడు. మూడు పార్లు పెట్టిన. మూడు పార్లు ఆయన గడియారంల సక్కగ ముప్పై సెకండ్లు. సారు మొఖం సూడాలె అప్పుడు. "ఏనో మాణిక్యా, నీను గడియారనేనో!" అని ఈపు మీద ఒక్కటి చరిసిండు, మస్తు మంటవెట్టింది. బడికొచ్చి గోడ మీద పెద్దగ రాసిండు, మాణిక్ దమ్ము అర నిమిషం. నాకు గదే పెద్ద బిరుదు. తెలుగు సరిగ చదువరాకున్న నేను రోజు పోయి గా అక్షరాలు సూస్తుంటి. మల్ల ఎప్పుడు కొలువలే సారు. ఒక్కపారి కొలిచిండు, రాసిండు, నమ్మిండు. పోరని దమ్ము గోడ మీద రాత లెక్క మారకుంట ఉంటదా? ఆయన సూడని కాడ పోరడు ఏం జేస్తడో ఎవరికెరుక? కని సారుకు గట్ల అనుమానం రాలే.

మీ పెద్దవ్వ ఉన్నది గద చిరాగ్‌పల్లిల, మహాదేవమ్మ, మా అక్క. అవునవును, మొన్న నీకు జుట్టు సరిగ ఏసుకొమ్మని తిట్టిందే, ఆమెనే. ఆమె నాకన్న ఒక ఏడాదిన్నర పెద్ద. అయిదో తరగతి, నేను నాలుగు. ఆమెకు లెక్కలు వచ్చు. నోట్లె పండ్లు ఎన్ని ఉన్నయో గూడ లెక్కవెట్టి జెప్తుండె. మా ఊర్లె అయిదు వరకే బడి, అవుతల చదవాల్నంటె జహీరాబాద్. ఆడ అప్పుడు ఒక సేటు ఊర్ల పిల్లల కొరకు బోర్డింగు పెట్టిండు, బువ్వ, బట్ట, బడి, అన్ని ఆయనవే. ఆడపిల్లలకు ఆ ఏడు ఒక్కటే సీటు మిగిలింది. పరీక్ష ఏందంటె, చదువుడు రాసుడు ఒక దిక్కు, నోటి లెక్కలు ఒక దిక్కు. అర నిమిషంల పది. సారుకు ఈ ముచ్చట తెల్వంగనే ఉరికొచ్చిండు మా ఇంటికి. మా నాయిన జొన్న చొప్ప మోపు కడుతుండు. "మాదేవిని పంపియ్యి" అంటడు సారు. "ఆడిపిల్లను ఒక్కదాన్ని పట్నంల ఎట్ల ఇడుస్త సారూ" అంటడు నాయిన. మా నాయినకు జహీరాబాద్ పట్నమే. గంట సేపు అయింది. ఆఖరికి నాయిన మోపు మీద కూసొని, "సరే, మీరు అంటున్నరు గద పది లెక్కలు అని. పరీక్ష రోజు పదికి పది జెప్పి సీటు తెస్తె పంపిస్త. లేకుంటె ఇంటి కాడనే ఉంటది, పొలం పని నేర్సుకుంటది" అన్నడు. నాయిన మాట అంటె గంతే, మల్ల ఎనుకకు రాదు. అక్క తలుపు ఎనుక నిలవడి అంత ఇన్నది. నేను సూసిన, గోటితోటి తలుపు గీకుతుండె.

అప్పటికి అక్క ఏడు జేస్తుండె. మూడు నుంచి ఏడుకొచ్చింది, నాలుగు నెలలల్ల. ఇంక రెండు నెలలున్నయి పరీక్షకు. సారు నన్ను అక్కకు జోడీ జేసిండు, కొలిచిన దమ్ము నాదే గద. రోజు పొద్దుగాల అందరికన్న ముందుగాల మేం ఇద్దరం. నేను హుతుతు, అక్క లెక్కలు. ఏడు. తెల్లారి ఏడు. తెల్లారి ఆరు. మల్ల ఏడు. పదిహేను దినాలు ఏడు కాడనే ఎడ్ల బండి దిగవడ్డట్టు దిగవడ్డది. అక్క ఇంట్ల బువ్వ సక్కగ తింటలేదు. నన్నేమన్న అంటె ఉరిమి సూస్తది. నాకు ఆమె బాధ కన్న నా బాధ ఎక్కువుండె, ఎందుకో జెప్త, ఇజ్జత్ పోయిన మంచిదే. అక్క జహీరాబాద్ల ఉంటె, ఐతారం ఐతారం నేను పోతననుకున్న, బస్టాండు కాడ మిర్చీలు తింటననుకున్న. ఒక్కపారి నాయినతోటి పోయినప్పుడు తిన్న, గా రుచి నాలిక మీదనే ఉండె. గంతే. అక్క చదువు, ఆడిపిల్లల బతుకు, గవన్ని నాకేం తెల్వదు. మిర్చీలు. నవ్వకు, పదేండ్ల పోరనికి మిర్చీ అంటె చిన్నదా?

రాయికోడ్ జాతరల హుతుతు ఆడేటోళ్లను సూసిన నేను. పెద్దోళ్లు. వాండ్లు ఒక కథ జేస్తుండిరి, తు తు తు అన్నప్పుడు నడుమ ముక్కుతోటి ఇంతంత గాలి పీలుస్తరు. నోరు ఆగది, కూత ఆగది, ఎదురున్నోనికి తెల్వది. దమ్ము దొంగతనం అంటరు దాన్ని. నేను బర్రెల కాడ రెండు దినాలు అదే పని మీద ఉన్న. మూడో రోజు పొద్దుగాల బడిల మొదలువెట్టిన. హుతుతుతు, ఇంత పీల్చిన. హుతుతుతు, ఇంకింత. అక్క ఎనిమిది జెప్పింది. సారు ఎగిరిండు. "భేష్!" అని. నాలుగు దినాలకు తొమ్మిది. నేను భయపడి జర తగ్గిచ్చిన, మల్ల ఎనిమిది. మల్ల పెంచిన. ఇట్ల ఎత్తుకుంట దించుకుంట, దొంగకు ఎంత తెలివి ఉంటదో సూడు, వారంల పది జేపిచ్చిన. పది! గోడ మీద పది గీతలు. సారు టోపి తీసి మల్ల పెట్టుకున్నడు, ఏం జెయ్యాల్నో తెల్వక. అందరికి బెల్లం పల్లీలు పంచిండు. మహాదేవి, మహాదేవి అని ఊర్లె ఒక్కటే మాట.

ఇగ మా నాయిన. ఆయన ఎన్నడు ఆడిపిల్లను పక్కన కూసోవెట్టుకొని తిన్నోడు కాదు. పది గీతలు వచ్చిన దినం పొద్దుమూకి వచ్చి, కాళ్లు కడుక్కొని, "మాదేవీ, ఇటు రా, నాకింత నీళ్లు వొయ్యి" అన్నడు. పోసింది. "కూసో" అన్నడు. తన కంచంల నుంచి జొన్నరొట్టె ఇరిచి ఆమె కంచంల వెట్టిండు. "జహీరాబాద్ల రొట్టె దొరుకుతదో లేదో, అన్నమే పెడ్తరట" అన్నడు. మా అమ్మ పొయ్యి కాడ నుంచి ఇటు మర్లి సూసింది, అంత వింతగుండె గది. పరీక్ష వరకు రోజు గంతే. సారు గూడ ఏం జేసిండు? పది వచ్చినయి గద అని అక్కను ఇగ సతాయించలే. "పిల్ల అలిసిపోతది, పరీక్షకు తాజాగుండాలె" అని రోజు చేపిచ్చేది రెండు దినాలకొకపారి జేసిండు. తరువాత వారానికొకపారి. నవతా, ఇది మంచిగ ఇను. ఏడు కాడ దిగవడ్డదాన్ని ఇంకో నెల రోజు జేస్తె తొమ్మిదయ్యేదేమో, పదయ్యేదేమో. ఇంక నెల టైమ్ ఉండె. మేం పది అనుకొని ఆపినం. నా ముక్కు ఆపిచ్చింది.

పరీక్ష రోజు నేను గూడ పోయిన, మిర్చీల ఆశ. సారు, అక్క, నేను, నాయిన. న్యాల్‌కల్ దాక నడక, ఆన్నుంచి బస్సు. సారు ధోతి ఉతికిచ్చుకున్నడు, టోపికి నీలం వెట్టిచ్చుకున్నడు. బోర్డింగుల ఒక పెద్ద అర్ర. ఒక పెద్దమనిషి కూసున్నడు కుర్సీల, బల్ల మీద గడియారం, నడిచేది. మేం కిటికి కాడ. పిల్లలను ఒక్కొక్కల్ల పిలుస్తుండు. రాయికోడ్ దిక్కు పిల్ల ఒకామె, జడకు ఎర్ర రిబ్బను, ఆమె తొమ్మిది జెప్పింది. సారు నా చెవుల, "మనది పది" అన్నడు. నేను గా బల్ల మీది గడియారమే సూస్తున్న. అక్కను పిలిచిన్రు. పోయి నిలవడ్డది. కాగితం ఇచ్చిన్రు. మొదలువెట్టు అన్నరు. ఒకటి, రెండు, మూడు, మంచిగనే జెప్పుతున్నది. అయిదు. ఆరు. ఏడో లెక్క జెప్పి, ఎనిమిదికి నోరు తెరిచింది. ఆ పెద్దమనిషి గడియారం మీద ఏలు వెట్టి, "బస్, బేటీ" అన్నడు. మెత్తగనే అన్నడు పాపం. అక్క నోరు అట్లనే తెరుచుకొనే ఉన్నది జరసేపు.

ఏడు. ఇన్నవా? సారు కొలిచిన అర నిమిషం సక్కగ ఉండె. నా అసలు దమ్ము మీద ఏడు, ఆడ గడియారం మీద ఏడు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఆయన లెక్క తప్పలే.

వాపస్ వచ్చేటప్పుడు నాయిన తిట్టలే. అదే ఇంక పరేషాన్ అయింది నాకు, తిడితె మంచిగుంటుండె. బస్టాండు కాడ సారు నాకు మిర్చీలు కొనిచ్చిండు, తెలుసునా? ఆ గోసల గూడ పోరనికి ఆకలైతదని కొనిచ్చిండు. తిన్న నేను. తినలే అని అబద్ధమాడ. సోమారం నుంచి అక్క కలుపుకు పోయింది. సారు ఆ సోమారం బడిల గోనెసంచి తీయలే. నల్లబల్ల ఉత్తగుండె. మేం జోడీలు కట్టి నిలవడ్డం. "కూసోండి, పలకలు తీయిండి" అన్నడు. ఒకడు అడిగిండు, హుతుతు లేదా సారూ అని. "లేదు. అది తప్పు పద్ధతి. నేను పిచ్చోణ్ని, దమ్ముతోటి టైము కొలుస్తనా" అన్నడు. తడిబట్ట తెచ్చి గోడ మీద గీతలన్ని తుడిసిండు. ఇంటింటికి తిరిగి తప్పయిందన్నడు, మా నాయిన కాళ్లు మొక్కబోయిండు, "నా ఇంట్ల పెట్టుకొని చదివిస్త, నా తప్పే" అన్నడు. నాయిన, "వద్దు సారూ, మాట మాటే" అన్నడు. నేను బర్రెల కొట్టంల నిలవడి ఇన్న. అప్పుడన్న జెప్తె అయిపోతుండె. నోరు రాలే. సారు కొడ్తడని కాదు, ఆయన ఎన్నడు కొట్టలే. నన్ను గడియారం అన్నడు గద ఆయన, గది పోతదని.

తరువాత ఆయనకు బదిలీ అయింది. మల్ల పదమూడు ఏండ్లకు జహీరాబాద్ సంతల కనవడ్డడు నాకు. నేను అల్లం తెచ్చిన, బండి కాడ నిలవడ్డ. ముసలోడైండు, టోపి అదే. నన్ను ఆయననే గుర్తువట్టిండు, "ఏనో మాణిక్యా" అని. చాయ్ తాగినం. అందరి ముచ్చట అడిగిండు, నాయిన పోయిండా, బర్రెలు ఎన్ని ఉన్నయి, గట్ల. ఆఖరికి చాయ్ కప్పు కింద పెట్టి, "మహాదేవికి జెప్పు, మాఫ్ చెయ్యమని. నేనే ఆగం జేసిన ఆ పిల్లను. మంచి పిల్ల. సక్కగ చేపిచ్చేటోడు ఉంటె ఏడికో పోతుండె. ఆ తరువాత నేను ఏ బడిల గూడ టైము వెట్టి లెక్కలు చేపియ్యలే" అన్నడు. ఇరవై మూడేండ్లు నాకప్పుడు, పెండ్లైంది, మీసాలున్నయి. నోరు తెరిచి, "ఇంకో చాయ్ తాగుతరా సారూ?" అన్న. ఇన్నవా బిడ్డా, ఏమన్ననో? ఇంకో చాయ్. ఆయన వద్దన్నడు, బస్సు ఉన్నదన్నడు. రెండేండ్లకు పోయిండని తెలిసింది. ఎన్ని ఊర్లల్ల ఎంతమంది పోరగాండ్లకు ఆయన చేపియ్యకుంట పోయిండో, గది నాకు అప్పుడప్పుడు యాదికొస్తది. ఎక్కువసార్లే యాదికొస్తది.

అక్కనా? అక్క మంచిగనే బతికింది, నీకెరుకనే గద. ఆమె అడ్డం నిలవడితె చిరాగ్‌పల్లిల పెండ్లి వంటోళ్లు గజగజ వణుకుతరు. పందిరి కాడ ఒక్కపారి ఇట్ల కండ్లు తిప్పుతది, "మూడొందల నలభై మంది, కిలో బియ్యం ఎనిమిదిమందికి, నలభై రెండున్నర కిలోలు, నువ్వు యాభై ఎందుకు నానవెట్టినవ్?" అంటది. వంటాయన మొఖం మాడిపోతది. పోయిన ఏడు అక్క మనుమడు శ్రీకాంత్ పెండ్లిల, గా బియ్యం బస్తాల పక్కన ఇద్దరం కూసున్నం, ఆమె నేను. ఎందుకో నోట్లె నుంచి ఎల్లింది. అరవై ఏండ్లు దాసిన ముచ్చట. "అక్కా, నీకొకటి జెప్పాలె, నేను దమ్ము దొంగతనం జేసిన" అన్న. ఆమె చాటల బియ్యం ఏరుకుంటనే ఉన్నది. తిడ్తదనుకున్న. "నాకు మొదటి దినమే ఎరుక. నీ ముక్కు పందిపిల్ల లెక్క గుర్రుమంటుండె" అన్నది.

మరి సారుకెందుకు జెప్పలే అక్కా అంటె, చాట పక్కకు వెట్టింది. "పది అన్న నాడు నాయిన నా కంచంల రొట్టె ఇరిచి వెట్టిండు. అప్పటిదాక ఒక్కనాడు నా దిక్కు సక్కగ సూసినోడు కాదు. ఏడు అని జెప్తె గది పోతది గద తమ్మీ. ఇయ్యాల జెప్త, రేపు జెప్త అనుకున్న, పరీక్ష వచ్చింది. దొంగతనం నీ ఒక్కనిదే అనుకుంటున్నవా ఇన్నొద్దులు? సగం నాది" అన్నది. నవ్వింది గూడ. నాకు ఏడుపచ్చింది, నిజం. అరవై ఏండ్ల బరువు సగం దించింది మనిషి. ఇగ నేను ఊకుంటె అయిపోతుండె. ఊకోలే. "సరే అక్కా, సగం నీది, సగం నాది. మరి సారు తన తప్పే అనుకుంట మోసుకపోయింది ఎవరిది?" అన్న. అంత పెద్ద లెక్కలు పందిట్ల నిలవడి దబ్బున జెప్పే మనిషి, మల్ల చాట ఒళ్లె పెట్టుకున్నది. నేను గూడ బియ్యం ఏరిన. వంటాయన వచ్చి, ఎసరు మరుగుతుంది, బియ్యం ఎంత పొయ్యాలె అవ్వా అని అడిగిండు. అక్క, నువ్వే సూసుకో అన్నది.